డ్రైవ్ అక్షరం మారినా ఆగని టూల్స్: ఒక ప్రాజెక్టు డైరీ

పని ఏమిటి

విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ‘వేర్ ఫైండ్’ అని కొడితే నా ల్యాప్‌టాప్ మూడు చోట్లు చూపిస్తోంది. మొదటిది సిస్టమ్32లో ఉన్న విండోస్ సొంత ఫైండ్. అది ఫైళ్లను వెతకదు, ఫైల్ లోపలి అక్షరాలను వెతుకుతుంది. రెండోది కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌తో పాటు వచ్చిన గ్నూ ఫైండ్ (యునిక్స్ కమాండ్‌కి ఉచిత రూపం). మూడోది ఎప్పుడో దించుకున్న గ్నూవిన్32 సెట్‌లోది. సార్ట్ సంగతీ అంతే. కర్ల్, టార్ అయితే 2018 నుంచి విండోస్ 10లోనే వస్తున్నాయి కాబట్టి వాటికీ రెండేసి కాపీలు ఉన్నాయి. ఏ స్క్రిప్ట్ ఏ కాపీని పిలుస్తుందనేది పాత్ వేరియబుల్‌లో (కమాండ్ కోసం విండోస్ వరుసగా వెతికే ఫోల్డర్ల జాబితా) ఎవరు ముందున్నారన్న దాని మీద ఆధారపడింది.

గ్రెప్, సెడ్, ఆక్, ఫైండ్, మేక్, డిఫ్, ప్యాచ్, విమ్, గిట్ లాంటి యునిక్స్ తరహా టూల్స్ అన్నీ ఒకే రూట్ ఫోల్డర్ కింద క్రమంగా ఉండాలి. ఆ రూట్ ఇంట్లో డి డ్రైవ్‌లో ఉండొచ్చు, ఆఫీసులో ఐటీ వాళ్లు చూపించిన ఫోల్డర్‌లో ఉండొచ్చు, పెన్ డ్రైవ్‌లోనూ ఉండొచ్చు. ఎక్కడికి ఎత్తుకెళ్లినా పనిచేయాలి. అడ్మిన్ హక్కులు అడగకూడదు. కొత్త వెర్షన్ నచ్చకపోతే ఒక్క మార్పుతో పాతదానికి తిరిగి రావాలి. ఇదీ పని.

విండోస్‌లోనే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ ఉందిగా, ఇదంతా ఎందుకని టీమ్‌లో కొందరు అడిగారు. డబ్ల్యూఎస్ఎల్ నాకూ ఇష్టమే. కానీ దాన్ని ఆన్ చేయాలంటే అడ్మిన్ కావాలి, చాలా ఆఫీసు మెషీన్లలో అది ఆపేసే ఉంటుంది. పైగా సి డ్రైవ్‌లోని వేల ఫైళ్ల మీద డబ్ల్యూఎస్ఎల్2 లోపలి నుంచి గ్రెప్ నడిపితే బాగా నెమ్మదిగా సాగుతుంది. విండోస్ ఫైళ్ల మీద విండోస్ ప్రోగ్రామే నడవాలన్నది నా పట్టుదల.

ముందు వాళ్లు ఎలా సర్దారు

సొంతంగా మొదలుపెట్టే ముందు విండోస్ కోసం ఇప్పటికే ఉన్న యునిక్స్ టూల్ సెట్ల ఫోల్డర్లు విప్పి చూశాను.

అన్‌ఎక్స్‌యుటిల్స్ జిప్‌లో యూఎస్ఆర్\లోకల్\డబ్ల్యూబిన్ అనే ఫోల్డర్ ఉంటుంది, ఎక్సీలన్నీ (నడిచే ప్రోగ్రామ్ ఫైళ్లు) అందులోనే. వేరే డీఎల్ఎల్‌లు (ప్రోగ్రామ్‌లు పంచుకునే లైబ్రరీ ఫైళ్లు) అక్కర్లేదు, విండోస్ సొంత సీ రన్‌టైమ్ చాలు. ఎత్తుకెళ్లడానికి ఇంతకంటే సులువైనది లేదు గానీ లోపలి టూల్స్ బాగా పాతవి. గ్నూవిన్32 కాస్త యునిక్స్ పద్ధతిలో బిన్, షేర్, మ్యాన్ అని విడదీసింది. అందులోని కోర్‌యుటిల్స్ (ఎల్ఎస్, సీపీ లాంటి మూల కమాండ్ల సెట్) 5.3.0 దగ్గరే ఆగిపోయింది.

సిగ్విన్ దారి వేరు. 1995లో సిగ్నస్ సొల్యూషన్స్‌లో మొదలైన ఈ ప్రాజెక్టు విండోస్ మీద మొత్తం యునిక్స్ వాతావరణాన్నే నిలబెడుతుంది. నాకు బాగా నచ్చిన సంగతి దాని రూట్ లెక్క. సిగ్విన్1.డీఎల్ఎల్ ఏ బిన్ ఫోల్డర్‌లో ఉందో, ఆ బిన్‌కి పై ఫోల్డరే ‘/’ (యునిక్స్‌లో అన్నిటికీ మూల ఫోల్డర్) అవుతుంది. 2009లో వచ్చిన 1.7 వెర్షన్‌తో మౌంట్ పాయింట్లు (ఏ ఫోల్డర్ ఏ పేరుతో కనిపించాలన్న లెక్కలు) రిజిస్ట్రీ నుంచి ఈటీసీ ఫోల్డర్‌లోని ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్‌లోకి వచ్చాయి. అంటే ఫోల్డర్‌తో పాటే దాని లెక్కలూ కదులుతాయి.

సిగ్విన్ నుంచి పుట్టిన ఎంసిస్2 ఒకే రూట్ కింద చాలా ప్రిఫిక్స్‌లు (ఒక్కో సెట్ టూల్స్‌కి మొదలు ఫోల్డర్లు) పెట్టింది. యూఎస్ఆర్‌లో పోసిక్స్ (యునిక్స్ ప్రమాణం) పొర మీద నడిచే టూల్స్, యూసీఆర్‌టీ64, మింగ్‌డబ్ల్యూ64, క్లాంగ్64లలో అచ్చమైన విండోస్ ప్రోగ్రామ్‌లు. రెండు రకాల కంపైలర్లతో తయారైనవి ఒకదాంట్లో ఒకటి కలవకుండా ఇది కాపాడుతుంది. ఈ విభజన వెనకున్న ఆలోచన నా అమరికలోకీ తెచ్చుకున్నాను. గిట్ ఫర్ విండోస్‌లో మరో మంచి ఏర్పాటు ఉంది. యూఎస్ఆర్\బిన్, మింగ్‌డబ్ల్యూ64\బిన్‌లో వందల ఎక్సీలు ఉన్నా, బయటికి చూపించడానికి సీఎండీ అనే చిన్న ఫోల్డర్ విడిగా పెట్టారు. పాత్‌లోకి అదొక్కటే వెళ్తే సరిపోతుంది.

స్కూప్ ప్యాకేజీ మేనేజర్ ఒక్కో యాప్‌కి యాప్స్\పేరు\వెర్షన్ అని ఫోల్డర్ పెట్టి, ‘కరెంట్’ అనే జంక్షన్‌ని (ఇంకో ఫోల్డర్‌కి దారి చూపే లింక్) తాజా వెర్షన్‌కి తిప్పుతుంది. పాత్‌లో ఉండేది షిమ్స్ (అసలు ప్రోగ్రామ్‌ని పిలిచే చిన్న ఎక్సీలు) ఫోల్డర్ మాత్రమే. లినక్స్ వాళ్లకి గ్నూ స్టో చేసే పని తెలిసే ఉంటుంది: ప్యాకేజీని దాని ఫోల్డర్‌లోనే ఉంచి, యూఎస్ఆర్/లోకల్‌లోకి సిమ్‌లింకులు (అసలు ఫైల్‌కి దారి చూపే లింకులు) మాత్రం వేస్తుంది. రెండింటిదీ ఒకే ఆలోచన, నా ప్రాజెక్టుకి పునాది కూడా అదే. అయితే స్కూప్ షిమ్ ఫైల్ లోపల సి:\యూజర్స్ నుంచి మొదలయ్యే పూర్తి పాత్ రాసి ఉంటుంది. ఫోల్డర్ కదిలితే అన్నీ మళ్లీ రాయించాలి. నాకు అది కుదరదు.

ఎక్సీ లోపల దాక్కున్న పాత్‌లు

ఫోల్డర్లు ఎంత అందంగా సర్దినా, టూల్ కంపైల్ అయినప్పుడే దాని కడుపులో ఒక పాత్ కూర్చుంటే చేయగలిగింది తక్కువ. కంపైల్‌కి ముందు సెట్టింగులు తేల్చే ఆటోకాన్ఫ్‌ని వాడే ప్రోగ్రామ్‌లకి ప్రిఫిక్స్ ఏదీ ఇవ్వకపోతే /యూఎస్ఆర్/లోకల్ అనుకుంటాయి. ఆ పాత్ స్ట్రింగ్ ఎక్సీలో అలాగే ఉండిపోతుంది. విండోస్‌లో డ్రైవ్ అక్షరం లేకుండా /యూఎస్ఆర్/లోకల్ అంటే ప్రస్తుత డ్రైవ్‌లోని \యూఎస్ఆర్\లోకల్ అని అర్థం. సాధారణంగా అది సి:\యూఎస్ఆర్\లోకల్.

ఇది పెద్ద సెక్యూరిటీ విషయమే అయింది. 2019లో ఓపెన్ఎస్ఎస్ఎల్ (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ) వాళ్లు ప్రకటించిన సీవీఈ-2019-1552 అనే లోపం సరిగ్గా దీని గురించే. మింగ్‌డబ్ల్యూ అనే కంపైలర్ సెట్‌తో కట్టిన ఓపెన్ఎస్ఎస్ఎల్ తన కాన్ఫిగ్‌నీ సర్టిఫికెట్లనీ సి:\యూఎస్ఆర్\లోకల్ కింద వెతికేది. విండోస్ డిఫాల్ట్ అనుమతుల ప్రకారం సి:\ కింద మామూలు యూజర్ ఎవరైనా కొత్త ఫోల్డర్ సృష్టించవచ్చు. అంటే మరో యూజర్ ఆ పేరుతో ఫోల్డర్ పెట్టి తన కాన్ఫిగ్‌ని నీ ప్రోగ్రామ్ చేత చదివించగలడు.

అందుకే నా అమరికలో మొదటి నియమం ఇది: రూట్ ఎక్కడుందో ఏ ఫైల్ లోపలా రాసి ఉండకూడదు. ప్రతిదీ తాను ఉన్న చోటు నుంచే లెక్క వేసుకోవాలి.

చాలా టూల్స్‌కి ఈ తెలివి ఇప్పటికే ఉంది. జీసీసీ కంపైలర్ తన ఎక్సీ ఉన్న చోటు నుంచి ‘..’ లెక్కన లైబ్రరీలు, హెడర్లు వెతుక్కుంటుంది. గిట్‌లో ‘రన్‌టైమ్ ప్రిఫిక్స్’ అనే బిల్డ్ ఆప్షన్ ఉంది, విండోస్ బిల్డ్ దాంతోనే వస్తుంది. లైబ్రరీల వివరాలు చెప్పే పీకేజీ-కాన్ఫిగ్ విండోస్‌లో ఆ వివరాలున్న .పీసీ ఫైల్ ఎక్కడుందో చూసి, ఆ ఫైల్‌లో రాసిన ప్రిఫిక్స్‌ని పక్కనపెట్టి అసలు ప్రిఫిక్స్‌ని ఊహిస్తుంది. ఒక టూల్‌కి ఈ గుణం ఉందా లేదా తేల్చడానికి నా పద్ధతి సులువైనది: దాని ఫోల్డర్ పేరు మార్చి నడిపి చూడటం. పేరు మార్చినా నడిచినవాటినే లోపలికి రానిస్తున్నాను.

రూట్‌కి చోటు

ప్రోగ్రామ్ ఫైల్స్ మొదటే పక్కకి పోయింది. రాయడానికి అడ్మిన్ కావాలి, పైగా పేరులో ఖాళీ ఉంది. బిల్డ్ నడిపే గ్నూ మేక్‌కి ఖాళీ అంటే రెండు ఫైళ్లను విడదీసే గుర్తు. సి:\ప్రోగ్రామ్ ఒక ఫైల్, ఫైల్స్\ ఇంకొకటి అనుకుంటుంది. ప్రోగ్రా~1 అనే పాత 8.3 పేరుతో తప్పించుకునేవాళ్లు ఉన్నారు కానీ ఆ పొట్టి పేర్లు ప్రతి డ్రైవ్‌లోనూ పుడతాయన్న గ్యారంటీ లేదు.

యూజర్ ప్రొఫైల్ మంచి చోటే. కానీ మనవాళ్లు విండోస్ అకౌంట్ చేసేటప్పుడు పేరు, ఇంటిపేరు మధ్య ఖాళీ పెడతారు, ప్రొఫైల్ ఫోల్డర్‌కీ అదే పేరు పడుతుంది. మళ్లీ మేక్ గొడవ. ఏ ప్రోగ్రామ్‌లు నడవొచ్చో తేల్చే ఆప్‌లాకర్ డిఫాల్ట్ నియమాలు పెట్టిన ఆఫీసుల్లో అయితే ప్రొఫైల్‌లోంచి ఎక్సీలు నడవనే నడవవు.

డ్రైవ్ మొదట్లోనే ఒక పొట్టి ఫోల్డర్ పెట్టడం నాకు నచ్చింది. డి:\యు. ఒక్క అక్షరం పేరు పెట్టడానికి కారణం ఉంది. విండోస్‌లో పాత్ పొడవు హద్దు చాలా ప్రోగ్రామ్‌లకి ఇప్పటికీ 260 అక్షరాలే. 2016లో విండోస్ 10కి పొడుగు పాత్‌ల సెట్టింగ్ వచ్చింది కానీ రిజిస్ట్రీలో దాన్ని ఆన్ చేయడమే కాక, ప్రోగ్రామ్ మానిఫెస్ట్ (దాని అవసరాలు విండోస్‌కి చెప్పే సమాచారం) కూడా ఒప్పుకోవాలి. పాత టూల్స్ ఒప్పుకోవు. రూట్ పేరులో మిగిల్చిన ప్రతి అక్షరం లోతైన ఫోల్డర్లలో పనికొస్తుంది.

ఇద్దరు ముగ్గురు వాడే మెషీన్ అయితే సి:\యు పెట్టేటప్పుడు అనుమతుల సంగతి చూడాలి. సి:\ కింద పుట్టిన ఫోల్డర్లలో లాగిన్ అయిన ప్రతి యూజర్‌కీ మార్చే హక్కు వారసత్వంగా వస్తుంది. దాన్ని అనుమతులు మార్చే ఐకాక్ల్స్ కమాండ్‌తో తెంచేశాను. ఆ ఫోల్డర్‌ని సిస్టమ్ పాత్‌లో మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు. పెడితే అడ్మిన్ నడిపే ప్రోగ్రామ్ కూడా అక్కడి నుంచి ఎక్సీలు ఎత్తుకోగలదు.

అన్నీ ఒకే బిన్‌లో వేస్తే?

యునిక్స్‌లో యూఎస్ఆర్/బిన్ అనే ఒకే ఫోల్డర్‌లో వేల కమాండ్లు ఉంటాయి, ఏ గొడవా లేదు. ఎందుకంటే ఒక డిస్ట్రిబ్యూషన్ వాళ్లే అన్నీ కలిపి కట్టి, ఒకే లైబ్రరీతో సరిచూస్తారు. విండోస్‌లో మనం నాలుగు దిక్కుల నుంచి జిప్‌లు తెస్తాం. విండోస్ ఒక ఎక్సీకి కావలసిన డీఎల్ఎల్‌ని మొదట ఆ ఎక్సీ ఉన్న ఫోల్డర్‌లోనే వెతుకుతుంది. అందుకే ఇక్కడ డీఎల్ఎల్‌లు లిబ్‌లో కాక బిన్‌లో ఉంటాయి, లిబ్‌లో లింక్ చేసేటప్పుడు పనికొచ్చే .డీఎల్ఎల్.ఎ ఫైళ్లు మాత్రం ఉంటాయి. రెండు జిప్‌లూ లిబ్‌ఇంటిల్, లిబ్‌ఐకాన్వ్ అనే డీఎల్ఎల్‌లు తెచ్చాయనుకోండి, ఒకే బిన్‌లో విప్పితే రెండోది మొదటిదాని మీద కూర్చుంటుంది. పేరు ఒకటే, వెర్షన్ వేరు.

ఎక్సీ పేర్లదీ ఇదే చిక్కు. విండోస్‌లో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా లేదు. పెర్ల్ ఎల్‌డబ్ల్యూపీ లైబ్రరీతో పెద్దక్షరాల ‘హెడ్’ అనే కమాండ్ వచ్చేది, వెబ్ సర్వర్‌ని హెడర్లు అడగడానికి. ఫైల్ మొదటి వరుసలు చూపించే చిన్నక్షరాల ‘హెడ్’ ఉన్న ఫోల్డర్‌లోనే దాన్ని పెడితే ఒకటి పోతుంది. మ్యాక్ వాడేవాళ్లు కూడా ఒకప్పుడు దీన్ని చవిచూశారు.

సిగ్విన్, ఎంసిస్2, గిట్ ఫర్ విండోస్ లాంటి మొత్తం చెట్లనైతే అసలు విడగొట్టకూడదు. బాష్.ఎక్సీని, దాని డీఎల్ఎల్‌ని ఎత్తి వేరే ఫోల్డర్‌లో పెడితే ‘/’ లెక్క మారిపోయి ఈటీసీ, టీఎంపీ కనిపించకుండా పోతాయి.

కాబట్టి ఒక్కో ప్యాకేజీకి దాని ఫోల్డర్, వెర్షన్‌కో ఉపఫోల్డర్. ఇప్పటికి రాసుకున్న చెట్టు ఇదీ:

యు\పీకేజీ\గ్రెప్\3.11\బిన్
యు\పీకేజీ\విమ్\9.1
యు\పీకేజీ\ఎంసిస్2\ (మొత్తం చెట్టు, విడగొట్టకుండా)
యు\బిన్ (బయటికి కనిపించే పేర్లు మాత్రమే)
యు\ఈటీసీ (నా కాన్ఫిగ్‌లు)
యు\జిప్స్ (దించుకున్న అసలు జిప్‌లు)

పీకేజీలో ఏదీ చేత్తో మార్చను. ఏ ఫోల్డర్ పోయినా జిప్స్ నుంచి మళ్లీ విప్పుకోవచ్చు. బ్యాకప్ తీయాల్సింది ఈటీసీ ఒక్కటే.

బిన్‌లో ఏం పెట్టాలి

ఈ ప్రాజెక్టులో ఎక్కువ సమయం తిన్న ప్రశ్న ఇదే. పాత్‌లో యు\బిన్ ఒక్కటే ఉంటుంది, అసలు ఎక్సీ లోపలెక్కడో ఉంటుంది. మధ్యలో వంతెన ఏమిటి?

హార్డ్ లింక్ (అదే ఫైల్‌కి ఇంకో పేరు) మొదట తీసేశాను. గ్రెప్.ఎక్సీకి బిన్‌లో హార్డ్ లింక్ వేస్తే విండోస్ దృష్టిలో ఆ ఎక్సీ బిన్‌లోనే ఉన్నట్టు. డీఎల్ఎల్‌లు కూడా అక్కడే వెతుకుతుంది, దొరకవు.

ఫైల్ సిమ్‌లింక్‌కి ప్రత్యేక హక్కు కావాలి. విండోస్ 10లో 2017 నుంచి డెవలపర్ మోడ్ ఆన్ చేస్తే మామూలు యూజర్‌కీ కుదురుతుంది, కానీ ఆ మోడ్‌ని ఆన్ చేయడానికి మళ్లీ అడ్మిన్. వద్దు.

సీఎండీ ఫైల్ (కమాండ్లు రాసిన బ్యాచ్ ఫైల్) ఏ మెషీన్‌లోనైనా నడుస్తుంది. ‘%~డీపీ0’ అంటే ఆ బ్యాచ్ ఫైల్ ఉన్న ఫోల్డర్ అని అర్థం, కాబట్టి అక్కడి నుంచి ‘..\పీకేజీ’ అని రిలేటివ్ పాత్ రాయొచ్చు. ఎత్తుకెళ్లినా నడుస్తుంది. చిన్న టూల్స్‌కి కొంతకాలం ఇదే వాడాను. అయితే దీనికి మూడు చెడ్డ గుణాలు. ఇంకో బ్యాచ్ ఫైల్‌లోంచి ‘కాల్’ లేకుండా పిలిస్తే నియంత్రణ తిరిగి రాదు, మొదటి బ్యాచ్ అక్కడే ముగిసిపోతుంది. మధ్యలో ఆపడానికి కంట్రోల్-సి కొడితే ‘బ్యాచ్ జాబ్ ఆపాలా’ అని ఒక ప్రశ్న. అన్నిటికంటే ముఖ్యం, సెడ్‌కి ఇచ్చే ఎక్స్‌ప్రెషన్‌లో ‘%’ గానీ ‘^’ గానీ ఉంటే సీఎండీ దాన్ని తన గుర్తుగా తీసుకుని మింగేస్తుంది. సెడ్, ఆక్ వాడేవాడికి ఇది భరించరానిది.

చివరికి సీ భాషలో చిన్న షిమ్ రాశాను. ఒకే ఎక్సీ, బిన్‌లో గ్రెప్.ఎక్సీ, సెడ్.ఎక్సీ, విమ్.ఎక్సీ అని ఎన్ని పేర్లతోనైనా కాపీ చేసి పెట్టొచ్చు. నడవగానే తన పూర్తి పాత్‌ని విండోస్‌ని అడిగి తెలుసుకుంటుంది. తన పేరుతో ఈటీసీ\షిమ్స్‌లో ఉన్న చిన్న టెక్స్ట్ ఫైల్ తెరుస్తుంది. అందులో ఒకే వరుస: పీకేజీ\గ్రెప్\3.11\బిన్\గ్రెప్.ఎక్సీ. దాన్ని రూట్‌కి కలిపి అసలు ప్రోగ్రామ్‌ని నడిపి, అది ఇచ్చిన ఎగ్జిట్ కోడ్‌నే తానూ ఇస్తుంది.

రాసేటప్పుడు రెండు విషయాల్లో ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. విండోస్‌లో ప్రోగ్రామ్‌కి అందేది ఆర్గ్యుమెంట్ల జాబితా కాదు, ఒకే పొడుగు కమాండ్ లైన్ స్ట్రింగ్. దాన్ని ముక్కలు చేసి మళ్లీ కోట్స్ పెట్టి అతికిస్తే ఎక్కడో ఒకచోట తేడా వస్తుంది. అందుకే షిమ్ తన పేరు వరకు మాత్రం దాటవేసి, మిగతా స్ట్రింగ్‌ని ముట్టుకోకుండా అలాగే పంపుతుంది.

రెండోది కంట్రోల్-సి. షిమ్ దాన్ని పట్టించుకోకూడదు, అసలు ప్రోగ్రామ్ మాత్రం పట్టించుకోవాలి. సెట్‌కన్సోల్‌కంట్రోల్‌హ్యాండ్లర్ అనే విండోస్ ఫంక్షన్‌కి నల్ (ఖాళీ విలువ) ఇచ్చి ‘పట్టించుకోకు’ అంటే ఆ గుణం షిమ్ నడిపే పిల్ల ప్రాసెస్‌కీ వారసత్వంగా వెళ్లిపోతుంది, అప్పుడు పెద్ద ఫైండ్‌ని మధ్యలో ఆపలేం. నల్ బదులు ‘నేను చూసుకున్నాను’ అని జవాబిచ్చే చిన్న ఫంక్షన్ ఇవ్వాలి, అది వారసత్వంగా వెళ్లదు. ఇంకొకటి కూడా చేర్చాను: పిల్ల ప్రాసెస్‌ని ఒక జాబ్ ఆబ్జెక్ట్‌లో (ప్రాసెస్‌లని గుంపుగా కట్టే విండోస్ ఏర్పాటు) పెట్టి, షిమ్‌ని ఎవరైనా టాస్క్ మేనేజర్‌లో చంపితే పిల్ల కూడా పోయేలా చేశాను.

షెల్ స్క్రిప్టులుగా వచ్చే టూల్స్‌కి టెక్స్ట్ ఫైల్‌లో రెండో వరుస పెట్టాను, దేంతో నడపాలో చెప్పడానికి. దేంతో నడపాలో చెప్పే స్క్రిప్ట్ మొదటి వరుసని, అంటే షబాంగ్‌ని, విండోస్ చూడదు కదా.

జంక్షన్ ఉండాలా

స్కూప్ తరహాలో ‘కరెంట్’ జంక్షన్ కూడా పెడదామనే అనుకున్నాను. జంక్షన్‌కి అడ్మిన్ అక్కర్లేదు, ‘ఎంకెలింక్ /జె’ చాలు. కానీ జంక్షన్ తన లోపల డ్రైవ్ అక్షరంతో సహా పూర్తి పాత్ దాచుకుంటుంది. నా మొదటి నియమానికి అది నేరుగా విరుద్ధం. పైగా చాలా పెన్ డ్రైవ్‌లు ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్‌లో ఉంటాయి, ఎక్స్‌ఫ్యాట్‌లో జంక్షన్లు, హార్డ్ లింకులు రెండూ లేవు.

షిమ్ టెక్స్ట్ ఫైల్‌లోనే వెర్షన్ రాసి ఉంది కాబట్టి జంక్షన్ అవసరమే లేదని తేలింది. 3.11 అన్నచోట 3.8 అని మారిస్తే పాత గ్రెప్ తిరిగొస్తుంది.

ప్యాచ్ కొడితే పాస్‌వర్డ్

ఈ చెట్టుని టీమ్‌లో కొత్తగా చేరిన తమ్ముడొకడికి వాడమని ఇచ్చాను. సాయంత్రానికి ఫోన్. “అన్నా, అన్నీ నడుస్తున్నాయి గానీ ప్యాచ్ మాత్రం నడవట్లేదు. నేరుగా డబుల్ క్లిక్ చేస్తే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతోంది. షిమ్‌తో పిలిస్తే 740 అని ఎర్రర్.”

740 అంటే ‘ఎలివేషన్ (అడ్మిన్ హక్కులు) కావాలి’ అని. విస్టా నుంచి విండోస్‌లో ఇన్‌స్టాలర్లని పసిగట్టే ఏర్పాటు ఒకటి ఉంది. 32 బిట్ ఎక్సీకి తన హక్కుల గురించి చెప్పే మానిఫెస్ట్ లేకపోయి, పేరులో ‘ఇన్‌స్టాల్’, ‘సెటప్’, ‘అప్‌డేట్’, ‘ప్యాచ్’ లాంటి మాట ఉంటే అది ఇన్‌స్టాలరే అనుకుని అడ్మిన్ అడుగుతుంది. పాపం గ్నూ ప్యాచ్ చేసేది టెక్స్ట్ ఫైళ్లు మార్చడం మాత్రమే. కోర్‌యుటిల్స్‌లోని ‘ఇన్‌స్టాల్’ కమాండ్‌కీ ఇదే గతి.

మందు రెండు రకాలు. 64 బిట్ బిల్డ్ వాడితే ఈ పరీక్షే ఉండదు. లేదంటే ఎక్సీ పక్కనే ప్యాచ్.ఎక్సీ.మానిఫెస్ట్ అనే చిన్న ఎక్స్‌ఎంఎల్ ఫైల్ పెట్టి, ‘పిలిచినవాడి హక్కులే చాలు’ అని రాయాలి. “64 బిట్‌ది ఉంటే అదే పెట్టేయ్ అన్నా, మళ్లీ గుర్తుపెట్టుకునే పని ఉండదు” అన్నాడు. నిజమే, అదే చేశాం.

తెలుగు ఫైల్ పేర్లు

ఈ పరీక్ష నాకు చాలా ముఖ్యం. నా దగ్గర తెలుగు పేర్లున్న ఫైళ్లు ఎక్కువ.

విండోస్ లోపల ఫైల్ పేర్లు యూనికోడ్‌లోనే ఉంటాయి. పాత పోర్టులు (విండోస్‌కి మార్చిన టూల్స్) మాత్రం ఆన్సీ కోడ్ పేజీ (కొన్ని భాషల అక్షరాలకే చోటున్న పాత పట్టిక) ద్వారా అడుగుతాయి. తెలుగుకి విండోస్‌లో ఆన్సీ కోడ్ పేజీ అన్నదే లేదు, మొదటి నుంచి యూనికోడ్ మాత్రమే. మన మెషీన్లలో సాధారణంగా ఉండేది 1252, పశ్చిమ యూరప్ భాషలది. అందులో లేని ప్రతి అక్షరం ‘?’ అయిపోతుంది.

పేరు చదవలేకపోవడంతో ఇది ఆగితే బాగుండేది. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ వైల్డ్‌కార్డ్‌లని విప్పదు, టూల్స్ తామే విప్పుకుంటాయి. ‘?’ అంటే ఏ అక్షరమైనా అని వాటికి అర్థం. ‘తెలుగు.టీఎక్స్‌టీ’ పేరులో ఒత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్కిస్తే తెలుగు భాగం 6 కోడ్లు. ఫైళ్లు తుడిచే పాత ఆర్‌ఎమ్‌కి అది ఆరు ప్రశ్నార్థకాలుగా చేరి, ఇంగ్లిష్‌లో ఆరక్షరాల ‘రిపోర్ట్.టీఎక్స్‌టీ’ కూడా దానికి సరిపోతుంది. తుడవమన్నది ఒకటి, తుడిచేది ఇంకొకటి కావచ్చు.

దీని తర్వాత గ్నూవిన్32, అన్‌ఎక్స్‌యుటిల్స్ రెండింటినీ పీకేజీ నుంచి తీసేశాను. విండోస్ 10లో 2019 నుంచి మానిఫెస్ట్‌లో కోడ్ పేజీని యూటీఎఫ్-8 అని ప్రకటించుకునే వీలుంది, దాన్ని వాడే బిల్డ్‌లు ఇప్పుడు దొరుకుతున్నాయి. ఒకే ఎక్సీలో చాలా కమాండ్లు ఉండే బిజీబాక్స్-డబ్ల్యూ32కి యూనికోడ్ బిల్డ్ విడిగా ఉంది. ఎంసిస్2 టూల్స్‌కి తెలుగు పేర్లతో ఇబ్బంది లేదు. కొత్తగా ఏ టూల్ వచ్చినా తెలుగు పేరున్న ఫైల్ మీద ఎల్ఎస్, సీపీ, ఆర్‌ఎమ్ తరహా పరీక్ష దాటాకే దానికి షిమ్ పడుతుంది.

హోమ్

విమ్, గిట్, ఈమాక్స్, బాష్ ఒక్కొక్కటీ హోమ్ (యూజర్ సొంత సెట్టింగులు ఉండే ఫోల్డర్) ఎక్కడని అడిగే తీరు వేరు. హోమ్ వేరియబుల్ లేకపోతే ఈమాక్స్ యాప్‌డేటాలోకి వెళ్తుంది, సిగ్విన్ తన చెట్టులోని /హోమ్‌లోకి వెళ్తుంది. హోమ్‌ని యు\హోమ్‌కి తిప్పితే అంతా ఒకే చోట ఉంటుంది కదా అనిపిస్తుంది. కానీ విండోస్‌తో వచ్చే ఓపెన్ఎస్ఎస్‌హెచ్ (దూరపు మెషీన్‌లోకి లాగిన్ చేసే టూల్) ఆ వేరియబుల్‌ని చూడదు, ప్రొఫైల్‌లోని .ఎస్ఎస్‌హెచ్ ఫోల్డర్‌నే చూస్తుంది. ప్రైవేట్ కీలు పెన్ డ్రైవ్‌లో తిరగడం కూడా నాకు ఇష్టం లేదు. అందుకని హోమ్ అంటే యూజర్ ప్రొఫైలే. నా సెట్టింగులు యు\ఈటీసీలో ఉంటాయి, ప్రొఫైల్‌లోని విమ్ఆర్‌సీ, బాష్ఆర్‌సీ, గిట్‌కాన్ఫిగ్‌లలో వాటిని కలుపుకునే ఒక్కో వరుస మాత్రం ఉంటుంది.

రెండు బిన్‌లు

విండోస్ పాత్‌ని కట్టేటప్పుడు సిస్టమ్ పాత్ ముందు, యూజర్ పాత్ తర్వాత. అడ్మిన్ లేకుండా మనం మార్చగలిగేది రెండోదే. కాబట్టి ఫైండ్, సార్ట్‌లలో ఎప్పుడూ సిస్టమ్32దే గెలుపు. ముందుకి తోసినా మంచిది కాదు. ‘టైమౌట్ /టి 5’ అని రాసిన బ్యాచ్ ఫైల్‌కి గ్నూ టైమౌట్ దొరికితే ‘/టి’ ఏమిటని తిడుతుంది. విజువల్ సీ++ లింకర్ పేరు లింక్.ఎక్సీ, కోర్‌యుటిల్స్‌లోనూ లింక్ ఉంది. తప్పుడు లింక్ దొరికిన బిల్డ్ ఇచ్చే ఎర్రర్ చదివి అసలు కారణం కనుక్కోవడం కష్టం. గిట్ ఇన్‌స్టాలర్ కూడా యునిక్స్ టూల్స్‌ని పాత్‌లో పెట్టే ఆప్షన్ దగ్గర ఫైండ్, సార్ట్ గురించి హెచ్చరిస్తుంది.

నా నిర్ణయం: యు\బిన్‌లో గొడవ లేని పేర్లు మాత్రమే. గ్రెప్, సెడ్, ఆక్, మేక్, విమ్ లాంటివి. ఇది యూజర్ పాత్‌లో శాశ్వతంగా ఉంటుంది. ఫైండ్, సార్ట్, టైమౌట్, లింక్ వంటివి యు\బిన్‌యు అనే రెండో ఫోల్డర్‌లోకి వెళ్లాయి. ఎన్వ్.సీఎండీ అనే ఫైల్‌ని నడిపి తెరిచిన విండోలో మాత్రం అది అన్నిటికంటే ముందుకొస్తుంది. ఆ విండో మూస్తే దాని ప్రభావం పోతుంది. మామూలు విండోలో గ్నూ ఫైండ్ కావాలంటే జిఫైండ్, జిసార్ట్ అని పిలుస్తాను. మ్యాక్‌లో హోమ్‌బ్రూ ప్యాకేజీ మేనేజర్‌తో కోర్‌యుటిల్స్ వాడేవాళ్లకి ఈ ‘జి’ అలవాటే.

పాత్ మార్చడానికి సెట్‌ఎక్స్ వాడొద్దని టీమ్ నోట్‌లో రాశాను. విలువ 1024 అక్షరాలు దాటితే మిగతాది కోసేస్తుంది. సెట్టింగుల విండోలోనే చేయాలి.

తరలింపు పరీక్ష

ముందు ‘సబ్‌స్ట్’ కమాండ్‌తో డి:\యు ఫోల్డర్‌ని ఎక్స్: డ్రైవ్‌గా చూపించి, పాత్‌ని ఎక్స్:\బిన్‌కి తిప్పి అన్నీ నడిపాను. షిమ్‌లు, గిట్, విమ్, జీసీసీ నడిచాయి. సబ్‌స్ట్ డ్రైవ్ అడ్మిన్‌గా తెరిచిన విండోలో కనిపించదు, ఇది తెలుసుకుని పరీక్షించాలి. అయితే ఇది సగం పరీక్షే. డి:\యు ఇంకా అక్కడే ఉంది కాబట్టి, పాత పాత్‌ని గుర్తుపెట్టుకున్న టూల్ ఏదైనా ఉంటే బయటపడదు.

అందుకని మొత్తం చెట్టుని ఎక్స్‌ఫ్యాట్ పెన్ డ్రైవ్‌కి కాపీ చేసి, డి:\యు పేరు మార్చేసి, పెన్ డ్రైవ్‌ని ఇంకో మెషీన్‌కి పెట్టి ఎన్వ్.సీఎండీ నడిపాను. రిపోలో (గిట్ చూసుకునే కోడ్ ఫోల్డర్) కోడ్ తీసుకుని మేక్ కొడితే బిల్డ్ పూర్తయింది. చెట్టంతా డి:\యు అన్న స్ట్రింగ్ కోసం గ్రెప్‌తో వెతికితే విమ్ తన చరిత్ర దాచుకునే విమ్‌ఇన్ఫో ఫైల్‌లో మాత్రం దొరికింది. దాన్ని ప్రొఫైల్‌లోకి మార్చాను.

గిట్ ఒక్కటి ఆగింది, అదీ ఈటీసీ ఫోల్డర్ దగ్గర. ఈటీసీని రిపోగా పెట్టుకున్నాను. 2022లో వచ్చిన 2.35.2 వెర్షన్ నుంచి గిట్, రిపో ఫోల్డర్ ఓనర్ నువ్వేనా అని చూస్తుంది. ఎక్స్‌ఫ్యాట్‌లో ఓనర్ అన్న సమాచారమే ఉండదు, కాబట్టి ‘ఓనర్ అనుమానంగా ఉంది’ అంటుంది. సేఫ్.డైరెక్టరీ సెట్టింగ్‌లో ఆ ఫోల్డర్‌ని చేర్చాలి, అది ప్రొఫైల్‌లోని గిట్‌కాన్ఫిగ్‌లోకి వెళ్తుంది. డ్రైవ్ అక్షరం మెషీన్‌ని బట్టి మారుతుంది కాబట్టి ఎన్వ్.సీఎండీ నడిచినప్పుడు ఆ వరుస లేకపోతే అప్పటి పాత్‌తో చేర్చేలా రాశాను. ‘అన్నీ సేఫే’ అని నక్షత్రం గుర్తు పెట్టే దారి ఉంది, కానీ అది ఆ మెషీన్‌లోని ప్రతి రిపోకీ వర్తిస్తుంది, అందుకే పెట్టలేదు.

ఇక మిగిలింది గ్రాఫిక్ ప్రోగ్రామ్‌ల షిమ్. జీవిమ్‌ని ఇప్పటి షిమ్‌తో డబుల్ క్లిక్ చేసి తెరిస్తే వెనక ఒక నల్ల కన్సోల్ విండో కూడా తెరుచుకుంటోంది. అదే కోడ్‌ని విండోస్ సబ్‌సిస్టమ్‌తో (కన్సోల్ తెరవని రకం), పిల్ల ప్రాసెస్ కోసం ఆగకుండా రెండో ఎక్సీగా కట్టాలి. కట్టాక చెట్టుని ఆఫీసు మెషీన్‌లో పెడతాను, అక్కడ ఐటీ వాళ్లు ఇచ్చిన ఫోల్డర్ పేరులో రెండు ఖాళీలు ఉన్నాయి. మేక్ వాడే ప్రాజెక్టులకి ఆ ఫోల్డర్‌ని సబ్‌స్ట్‌తో ఒక డ్రైవ్ అక్షరంగా చూపించే వరుస ఎన్వ్.సీఎండీలో ఇప్పటికే చేర్చాను.